గాయం మాన్పుకునే చెట్టు కోసం

చెట్టుకి తెగులొస్తే మనకి తెలిసిన దారులు రెండే. మందు కొట్టడం, కుదరకపోతే చెట్టునే కొట్టేయడం. రైతు ఇంట్లో పుట్టినవాళ్ళకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక్క చెట్టు మీద జాలిపడి ఊరుకుంటే తోటంతా పోతుంది. నల్గొండ బత్తాయి తోటల మధ్య పెరిగిన నేను ఆ లెక్కని ఎప్పుడూ ప్రశ్నించలేదు. కెనడాకి వచ్చి, ఒంటారియో తూర్పు భాగంలో సున్నపురాయి నేలలో ఇల్లు కట్టుకున్నాక, మా పెరటి చివర ఉన్న ఒక చెట్టు దగ్గర మాత్రం ఆ లెక్క నాకు ఆగిపోయింది. ఆ చెట్టు పేరు బటర్‌నట్.

కూరగాయల కొట్లో దొరికే బటర్‌నట్ గుమ్మడికాయకీ దీనికీ చుట్టరికం లేదు. ఇది అక్రోటు జాతి. మనం వాల్‌నట్ అని కొనుక్కునే కశ్మీరు అక్రోటుకీ, ఇక్కడి అడవుల్లో పెరిగే నల్ల వాల్‌నట్‌కీ ఇది దాయాది. ఉత్తర అమెరికా తూర్పు భాగమే దీని పుట్టిల్లు. ఉత్తరాన న్యూ బ్రన్స్‌విక్, క్యూబెక్, ఒంటారియో. పడమట మిన్నెసోటా. దక్షిణాన జార్జియా, అలబామా కొండల దాకా. వందల ఏళ్ళు బతికే జాతి కాదు. డెబ్భై అయిదేళ్ళు దాటితే వయసు మీద పడినట్టే. వాగుల గట్ల మీద, నీరు నిలవని సారవంతమైన నేలల్లో, పైన ఆకాశం బాగా తెరుచుకుని ఉన్న చోట్ల పెరుగుతుంది. నీడని అసలు ఓర్చుకోదు. పెద్ద చెట్ల కింద మొలిచిన బటర్‌నట్ మొక్క కొన్నాళ్ళు ఆశగా నిలబడి, తర్వాత నీరసించి పోతుంది.

చెట్టుని గుర్తుపట్టడానికి నాకు ఇష్టమైన కాలం చలికాలం. ఆకులుంటే నల్ల వాల్‌నట్‌తో పొరబడతాం. ఆకులు రాలాక కొమ్మని చేతిలోకి తీసుకుని, ఆకు తొడిమ ఊడిన చోట మిగిలిన మచ్చని చూడాలి. మచ్చలో మూడు చుక్కలుంటాయి. చూసేసరికి కోతి మొహంలా కనిపిస్తుంది. ఆ మొహం మీద, కనుబొమ్మ ఉండాల్సిన చోట, అడ్డంగా లేత రంగు నూగు గీత ఉంటుంది. నల్ల వాల్‌నట్ మచ్చకి ఆ కనుబొమ్మ ఉండదు. ఇంకా అనుమానముంటే చిన్న రెమ్మని నిలువునా చీల్చి నడిమి బెండు చూడొచ్చు. వాల్‌నట్ జాతులన్నిటిలోలాగే అడ్డుగోడలతో గదులు గదులుగా ఉంటుంది గానీ, బటర్‌నట్‌లో దాని రంగు ముదురు చాక్లెట్. నల్ల వాల్‌నట్‌లో లేత గోధుమ రంగు. ఇంత చిన్న గుర్తులతో ఒక చెట్టు తన పేరు తానే చెప్పుకుంటుంటే, ఏటా ఒకసారైనా వెళ్ళి వినకుండా ఉండలేను.

ఈ చెట్టుతో మనుషుల పరిచయం చాలా పాతది. కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌లాండ్ దీవిలో లాన్స్ ఓ మెడోస్ అనే చోట, సుమారు వెయ్యేళ్ళ కిందట వైకింగులు దిగిన స్థావరం ఉంది. అక్కడి తవ్వకాల్లో బటర్‌నట్ కాయలు దొరికాయి. విచిత్రమేమంటే ఆ దీవిలో బటర్‌నట్ పెరగదు, ఎన్నడూ పెరగలేదు. దానికి దగ్గరలో ఇది పెరిగే చోటంటే దక్షిణాన సముద్రం దాటి న్యూ బ్రన్స్‌విక్కే. అంటే ఆ నావికులు అంత దూరం వెళ్ళి, ఈ కాయల్ని ఏరుకుని, పడవలో వేసుకుని తిరిగి వచ్చారన్నమాట. ఏ శాసనమూ చెప్పని ప్రయాణానికి గుప్పెడు కూడా లేని కాయలు సాక్ష్యమయ్యాయి. అంతకు ముందూ ఆ తర్వాతా ఇక్కడి ఆదివాసులు పప్పుని ఉడికించి పైకి తేలిన నూనె తీసుకునేవారు. వలస వచ్చిన రైతులు బెరడుతో, కాయ తొక్కతో బట్టలకి గోధుమ రంగు అద్దుకున్నారు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైనికుల్లో చాలామందికి ఇంట్లో నేసి ఈ రంగేసిన బట్టలే ఉండేవి కాబట్టి, వాళ్ళని జనం బటర్‌నట్లనే పిలిచారు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఊరగాయ ఒక ఎత్తు. పందొమ్మిదో శతాబ్దపు న్యూ ఇంగ్లండ్ వంటిళ్ళలో బటర్‌నట్ పిందెల్ని వెనిగర్‌లో ఊరబెట్టేవారు. వేసవి మొదట్లో, లోపల పెంకు కట్టకముందే కోయాలి. పిందెలో సూది గుచ్చితే అవతలి వైపుకి దిగిపోవాలి. దిగకపోతే ఆలస్యమైనట్టు. పైన ఉండే జిగురు నూగుని గట్టిగా రుద్ది వదిలించి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, మసాలా వేసిన వెనిగర్‌లో పోసేవారు. టెంక కట్టిందో లేదో చూసి మామిడికాయని ఏ ఊరగాయకి వాడాలో తేల్చే ఇంట్లోంచి వచ్చినదాన్ని కాబట్టి, ఆ సూది సంగతి చదివినప్పుడు ఎప్పుడూ చూడని ఆ ఇల్లాళ్ళ మీద నాకు ఆత్మీయత కలిగింది. ఇవాళ ఆ ఊరగాయ పెట్టేవాళ్ళు లేరనే చెప్పాలి. పెడదామన్నా అన్ని పిందెలు కోసుకునేంత చెట్లు మిగల్లేదు.

మిగలకపోవడానికి కారణం ఒక బూజు. 1967లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో బటర్‌నట్ చెట్ల బెరడు మీద వింత పుళ్ళని మొదటిసారి నమోదు చేశారు. వాటికి కారణమైన శిలీంధ్రం అప్పటివరకు శాస్త్రానికి తెలియనిదని 1979లో తేల్చారు. మరో ఖండం నుంచి వచ్చి ఉంటుందన్నది ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. చెట్టుకి దాంతో పాత పరిచయం లేదు, అందుకే ఎదుర్కొనే ఒడుపూ లేదు. వాన చినుకుల తుంపర మీద దాని బీజాలు ప్రయాణిస్తాయి. ఆకు రాలిన మచ్చల్లోంచి, బెరడు పగుళ్ళలోంచి, పురుగు కొరికిన గాట్లలోంచి లోపలికి దిగుతాయి. మొదట పై కొమ్మలు ఎండుతాయి. అక్కడి నుంచి బీజాలు వాననీటితో పాటు కిందికి జారి మానుని పట్టుకుంటాయి. వసంతంలో బెరడు పగుళ్ళలోంచి సిరాలాంటి నల్లటి రసం కారుతుంది. ఎండాకాలానికి అది ఆరి, అంచున తెల్లటి చారతో మసి మరకలా మిగులుతుంది. ఆ చోట బెరడు కాస్త లేపి చూస్తే లోపలి చెక్క కోలగా నల్లబడి ఉంటుంది. ఒక పుండుతో చెట్టు చావదు. పుళ్ళు ఒకదానితో ఒకటి కలిసి మాను చుట్టూ కట్టు బిగించినట్టు తిరిగిన రోజున, కిందికీ పైకీ దారి తెగిపోయి చస్తుంది. పైగా నల్ల వాల్‌నట్‌లా కాదు, మాను చచ్చాక మొదట్లోంచి కొత్త చిగురు వేసి నిలదొక్కుకోవడం దీనికి అరుదు.

2021లో తెలంగాణలో, ఆంధ్రలో వేప చెట్లు కొసల నుంచి మాడిపోతున్నాయని అందరూ కంగారుపడిన సంగతి గుర్తుండే ఉంటుంది. అదీ శిలీంధ్రం తెచ్చిన ఎండు తెగులే. ఫోన్ చేస్తే మా ఊళ్ళో కొందరు అరిష్టమన్నారు, కొందరు మందు చల్లిస్తున్నామన్నారు. తర్వాత చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి. వేపకి ఆ సత్తువ ఉంది. బటర్‌నట్ పుండు ముందు అలాంటి సత్తువ ఉన్న చెట్లు బహు కొద్ది. మందు లేదు. దశాబ్దాలుగా వెతుకుతున్నా పెరట్లో చెట్టుకి పూసి మాన్పగలిగిన పదార్థమేదీ దొరకలేదు. కెనడా ప్రభుత్వం 2005లో దీన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది.

మరి మందు లేనప్పుడు మిగిలిన దారి కొట్టేయడమే కదా. తెగులు వ్యాపించిన తొలి రోజుల్లో చాలామంది భూస్వాములు అదే చేశారు. ఎలాగూ చచ్చేదే, కలప పాడవకముందు అమ్ముకుందామనుకున్నారు. బటర్‌నట్ చెక్క మెత్తన, తేలిక. చెక్కడపు పనికి బాగా లొంగుతుంది, పాలిష్ పెడితే తేనె రంగులో మెరుస్తుంది. కొనేవాళ్ళకి కొదవ లేదు. అలా పుండున్నదీ లేనిదీ తేడా చూడకుండా నరికేశారు. ఆ నరుకుడులో పోయిన వాటిలో ఏ చెట్టుకి ఆ బూజుని తట్టుకునే గుణం ఉండేదో ఇక ఎన్నటికీ తెలియదు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా బాధ కలిగించే విషయం బూజు కాదు, ఇదే. బూజు చంపేది చెట్లనే. తొందరపాటు నరుకుడు చంపింది చెట్ల భవిష్యత్తుని.

ఎందుకంటే ఇలాంటి తెగులు ముందు జాతికున్న ఆశ అంతా తేడాల్లోనే ఉంటుంది. వెయ్యి చెట్లకి ఒకే రోగం వస్తే వెయ్యీ ఒకేలా స్పందించవు. కొన్ని త్వరగా పోతాయి, కొన్ని ఏళ్ళ తరబడి నలుగుతాయి. ఎక్కడో ఒకటి, చుట్టూ ఉన్నవన్నీ ఎండి నిలబడ్డ చోట, తన పుండు అంచుల నుంచి కొత్త బెరడుని లోపలికి నెట్టుకుంటూ వచ్చి మూసేస్తుంది. అలా మూసుకున్న చోట బెరడు పెదవిలా ఉబ్బి ఉంటుంది. అడవుల్లో తిరిగే పరిశోధకులు వెతికేది ఆ ఉబ్బు కోసమే. అమెరికా అటవీ శాఖ పరిశోధకులు 1990ల మధ్యలో ఇచ్చిన సూచన కూడా ఇదే ధోరణిలో ఉంటుంది. పై గుబురులో 70 శాతానికి మించి బతికి ఉండి, మాను చుట్టుకొలతలో పుళ్ళు 20 శాతం లోపే ఉంటే ఆ చెట్టుని ముట్టుకోవద్దు, ఉంచండి అన్నారు. దొరికిన గట్టి చెట్ల రెమ్మల్ని తెచ్చి నల్ల వాల్‌నట్ మొక్కల మీద అంటు కట్టి, ఒంటారియోలో ఫారెస్ట్ జీన్ కన్సర్వేషన్ అసోసియేషన్ లాంటి సంస్థలు ప్రత్యేకమైన తోటలు పెంచుతున్నాయి. ఆ అంటు మొక్కలు ఒకదానితో ఒకటి పుప్పొడి మార్చుకుని కాసే కాయల్లో తట్టుకునే గుణం పెరుగుతుందా అన్నది వాళ్ళు వెతుకుతున్న జవాబు.

నాన్న ఒక వేసవిలో ఇక్కడికొచ్చినప్పుడు పెరట్లోకెళ్ళి ఆ చెట్టు చుట్టూ తిరిగాడు. మానుకి నల్ల చారలు చూసి అడిగాడు.

“ఏం మందు కొడ్తున్నవ్ బిడ్డా దీనికి?”

“మందు లేదు నాయినా.”

“మందు లేకుంటే ఇంక ఏం జూస్తున్నవ్? తీసేయ్. బెరడు గిట్లయినంక ఉంచితే పక్క చెట్లకు గూడ అంటుకుంటది.”

ఆయన చెప్పింది బత్తాయి తోటకి అక్షరాలా నిజం. తోటలో మనం పెంచేది అంటు. ఒకే తల్లి కొమ్మ నుంచి వచ్చిన వందల నకళ్ళు. ఒకటి లొంగితే అన్నీ లొంగుతాయి. అక్కడ ఉంచడం వల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు. గింజ నుంచి పుట్టిన అడవి చెట్టు అలా కాదు, ప్రతిదీ వేరు మనిషి. ఇది నేను చెప్పడానికి తంటాలు పడుతుండగానే ఆయన వేలు మాను మీద ఒక చోట ఆగింది. ఉత్తరం వైపు, నా మోకాలి ఎత్తులో, పాత పుండొకటి ఉబ్బిన పెదవులతో మూసుకుని ఉంది. బొటనవేలితో దాని అంచు తడిమి, “ఇది ఎన్నేండ్ల కిందిది?” అని అడిగాడు. తీసేయమని మళ్ళీ అనలేదు.

పాత చెట్టుకి నేను చేయగలిగింది తక్కువ. దాని చుట్టూ తోసుకొస్తున్న మేపుల్ మొక్కల్ని తీసేసి ఎండ తగిలేలా చూడటం. గడ్డి కోసే యంత్రం మానుకి తగలకుండా చూడటం. ఎండుకొమ్మ తీయాల్సి వస్తే పొడి వాతావరణంలో, కత్తెరని స్పిరిట్‌తో తుడిచి తీయడం. ప్రతి గాయం ఒక ద్వారం కాబట్టి అనవసరంగా ఒక్క గాటు కూడా పెట్టకూడదు. ఎంత తక్కువ చేస్తే అంత మేలు చేసినట్టు. ఇది అలవాటు కావడానికి టైం పడుతుంది.

కొత్త మొక్కల పని అలా కాదు, అందులో చేతినిండా పని ఉంది. కాయలు సెప్టెంబర్ చివర్లో రాలతాయి. కోలగా, ఆకుపచ్చగా, జిగురుగా, పట్టుకుంటే చేతిని వదలనంటాయి. తొక్క వలిస్తే వేళ్ళు గోధుమ రంగెక్కి వారం రోజులు పోదు. లోపలి పెంకు మీద పదునైన గరుకు గట్లు. బద్దలు కొట్టడం ఓ పట్టాన అయ్యే పని కాదు గానీ, పప్పు చాలా కమ్మగా, నూనెగా ఉంటుంది. ఆ నూనె వల్లే తొందరగా సిక్కు వాసన వేస్తుంది. గింజల్ని ఏళ్ళ తరబడి డబ్బాలో దాచుకునే వీలూ లేదు, ఎండబెట్టి దాచితే మొలక శక్తి పోతుంది. జాతిని కాపాడాలంటే నేలలో చెట్లుగానే కాపాడాలి. విత్తనాల గిడ్డంగి మీద ఆధారపడి నిశ్చింతగా కూర్చోవడం కుదరదు.

వలిచిన కాయల్ని నీళ్ళలో వేస్తే తేలేవి తాలు. మునిగినవాటిని ఆ శరత్తులోనే, అంగుళం నుంచి రెండంగుళాల లోతున, అడ్డంగా పడుకోబెట్టి పాతాలి. ఈ గింజకి మూడు నాలుగు నెలల చలి పడితే గానీ నిద్ర వదలదు. ఇక్కడి మంచు ఆ పని తానే చేసిపెడుతుంది. మనం చేయాల్సింది ఉడతల నుంచి కాపాడటం. పాతిన చోట ఇనుప జాలీ పరిచి అంచులు మట్టిలోకి దిగగొట్టకపోతే, ఉదయానికి గుంటలు తప్ప ఏమీ ఉండవు. ఉడతల మీద కోపం పెట్టుకోకూడదు. అవి పాతిపెట్టి మరిచిపోయిన కాయలే అడవిలో బటర్‌నట్లయ్యాయి. మా పాత చెట్టు కూడా అలా మొలిచినదే అయ్యుంటుంది.

మొలిచాక తల్లివేరు నిటారుగా కిందికి దూసుకుపోతుంది. అందుకే కుండీలో ఎక్కువ కాలం ఉంచకూడదు, వీలైతే శాశ్వతంగా ఉండాల్సిన చోటే గింజ నాటాలి. మొదటి చలికాలాల్లో ఎలుకలు మంచు కింద నుంచి వచ్చి బెరడు చుట్టూ కొరికేస్తాయి, జింకలు చిగుర్లు మేసేస్తాయి. మొక్క చుట్టూ గొట్టం తొడగాలి. మొదట్లో గడ్డి ఎదగనీయకుండా పాదు శుభ్రంగా ఉంచాలి. ఆకులు వేసే తీరు చూసి కంగారు పడకూడదు. మే నెలలో పక్క చెట్లన్నీ పచ్చగా ఉన్నా ఇది ఇంకా బద్ధకంగా ఉంటుంది, శరత్తులో అందరికన్నా ముందే ఆకు దులిపేస్తుంది. కూరగాయల మడి మాత్రం దూరంగా ఉంచుకోవాలి. వాల్‌నట్ జాతుల వేళ్ళలో, ఆకుల్లో, తొక్కల్లో జగ్లోన్ అనే పదార్థం ఉంటుంది. టమాటా, వంకాయ లాంటివి దాన్ని ఓర్చుకోలేవు. నల్ల వాల్‌నట్‌తో పోలిస్తే బటర్‌నట్‌లో ఇది తక్కువే గానీ, ఇక్కడి తెలుగు ఇళ్ళలో వేసవి అంటేనే టమాటా, వంకాయ కాబట్టి ముందే చెప్పడం మంచిది.

ఒక్క చెట్టు నాటితే చాలదు. దీనికి మగపూలూ ఆడపూలూ ఒకే చెట్టు మీద ఉన్నా అవి ఒకే సమయంలో విచ్చుకోవు. పుప్పొడి గాల్లో మరో చెట్టు నుంచి రావాలి. ఒంటరిగా మిగిలిన బటర్‌నట్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా కాయలు సరిగా కాయకుండానే ముసలిదైపోతుంది. తెగులు చేసిన నష్టంలో ఇది పైకి కనిపించని భాగం. చెట్లు చావడమే కాదు, బతికినవి ఒకదానికొకటి అందనంత దూరమైపోయాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో జపాన్ వాల్‌నట్‌ని ఈ ఖండానికి తెచ్చి తోటల్లో నాటారు. అది బటర్‌నట్‌తో సులువుగా కలుస్తుంది. ఆ సంకరం చెట్లు ఏపుగా పెరుగుతాయి, గుత్తులు గుత్తులుగా కాస్తాయి, పుండుని కూడా మెరుగ్గా తట్టుకుంటాయి. పొరుగువాళ్ళు బటర్‌నట్ అనుకుని పెంచుకుంటున్న చాలా చెట్లు నిజానికి ఇవే. డి.ఎన్.ఎ. పరీక్ష చేస్తే గానీ కచ్చితంగా తేలదు. అయితే ఇవే నాటుకుంటే పోదా అని కొందరంటారు. సంకరాల మీద నాకు చిన్నచూపు లేదు. తెగులుని తట్టుకునే గుణాన్ని వాటి నుంచి తెచ్చి, తరాల మీద మళ్ళీ బటర్‌నట్ వైపు కలుపుకుంటూ పోయే ప్రయత్నాలూ జరుగుతున్నాయి, వాటిని గౌరవిస్తాను. కానీ నా పెరట్లో నేను నాటేది అచ్చమైన బటర్‌నట్ గింజే. సంకరం ఎప్పుడైనా దొరుకుతుంది. తనంతట తాను గాయం మాన్పుకున్న చెట్టు వంశం ఒకసారి తెగితే మళ్ళీ దొరకదు. అలాంటి చెట్టు ఒకటి నా కంచె లోపల ఉండగా, దాని గింజలకి చోటివ్వకపోవడం నాకు న్యాయం అనిపించదు.

నేను నాటిన మొక్కల్లో ఎన్ని పుండు బారిన పడతాయంటే, బహుశా అన్నీ పడతాయి. వాటిని నాటింది దాచిపెట్టడానికి కాదు. బయట, వానలో, ఆ బూజు తిరిగే గాల్లోనే నిలబడి తమ గుణం చూపించాలి. కాయ పట్టడానికే సుమారు ఇరవై ఏళ్ళు పడుతుంది. అప్పటికి వాటిలో ఏదైనా మచ్చ మూసుకుని నిలబడితే, దాని రెమ్మ అంటుకి పనికొస్తుంది. అందుకే ఈ ఇల్లు ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే కాగితాలతో పాటు కొనేవాళ్ళకి ఇవ్వడానికి ఒక పటం గీసి పెట్టాను. ఏ మొక్క ఎక్కడుంది, ఏ ఏడు నాటింది, పాత చెట్టు మీద మానిన మచ్చ ఏ వైపున ఎంత ఎత్తులో ఉంది అన్నీ రాశాను. బెరడు మీద నల్ల చారలు కనిపించినా తొందరపడి కొట్టించవద్దని పైనే, ఎర్ర సిరాతో రాశాను.